గోడ మీది సామెతలు, పెనం మీది రొట్టెలు: మహబూబ్‌నగర్‌లో ఒక జొన్న రొట్టెల హోటల్

మహబూబ్‌నగర్ మార్కెట్ యార్డుకు వెళ్లే దారిలో ఉన్న ఈ జొన్న రొట్టెల హోటల్‌కు రెండేళ్లుగా వారానికి రెండు మూడు సార్లు వెళ్తున్నాను. ఆరు బల్లలు, ముందు గల్లా, వెనుక రెండు పెనాలు ఉన్న వంటగది, ఇంతే దాని వైశాల్యం. హోటల్ తెరిచినప్పుడు యజమాని దంపతులు పెయింటర్‌ను పిలిపించి గోడల నిండా సామెతలు రాయించారు. నేను కూడా ఈ పట్టణంలోనే పుస్తకాలు, స్టేషనరీ అమ్మే చిన్న దుకాణం నడుపుతున్నాను గనుక, రొట్టె తింటూ ఆ గోడలను చదివినప్పుడల్లా ఈ మాటలు వ్యాపారానికి ఏ మేరకు పనికొస్తాయన్న ఆలోచన వచ్చేది. రెండేళ్లు చూసిన తర్వాత నాకు తోచినదేమిటంటే, పనిలోంచి పుట్టిన సామెత పనికొస్తుంది, అయితే ఎంత, ఎప్పుడు, ఎవరికి అన్న లెక్క మాత్రం ఏ సామెతా చెప్పదు. ఈ హోటల్ బాగోగులు కూడా ఆ లెక్క దగ్గరే తేలుతున్నాయి.

పెనాల వెనుక పొగకు సగం నల్లబడిన గోడ మీద “పిండి కొద్దీ రొట్టె” అని ఉంటుంది. గోడ మీద ఉన్నవాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే. గోధుమపిండికి ఉన్న సాగే గుణం జొన్నపిండికి లేదు. అందువల్ల మరిగే నీళ్లు పోసి, చెయ్యి కాలుతున్నా ముద్దను బలంగా పిసికి, పొడిపిండి చల్లిన పీట మీద తిప్పుతూ తడుతూ పోతేనే అది రొట్టెగా నిలుస్తుంది. పెనం మీద వేసిన వెంటనే పైభాగాన్ని తడిగుడ్డతో తుడిచి, ఆ తడి ఆరుతుండగా తిరగేస్తారు. పిండి తాజాదైతే రొట్టె నిండుగా పొంగుతుంది. అందుకే ఇక్కడ మూడు రోజులకొకసారి గిర్నికి పంపి అవసరమైనంత మేరకే పట్టిస్తారు.

“పిండి పాతదైతే అంచులు పగుల్తయి సార్. పగిలిన రొట్టె ఇచ్చి పైసలు అడగబుద్ధి కాదు” అని ఒకరోజు యజమానురాలు అన్నారు.

ఆమె లెక్కలో కిలో పిండికి 10 రొట్టెలు. 2024-25కు హైబ్రిడ్ జొన్నకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధరే క్వింటాలుకు 3,371 రూపాయలు. ఆ ధరకే దొరికినా రొట్టెకు మూడు రూపాయలకు పైగా జొన్నలకే పోతుంది, అంగట్లో మంచి తెల్లజొన్న కొంటే ఇంకా ఎక్కువ. దానికి గిర్ని ఖర్చు, 19 కిలోల కమర్షియల్ సిలిండర్, రొట్టెలు చేసే ఇద్దరు ఆడవాళ్ల కూలి, అద్దె కలపాలి. ఖర్చులు పెరిగినప్పుడు రొట్టెను కాస్త పలుచన చేసి పాత ధరకే అమ్మడం తేలికైన దారి, ఊళ్లో కొందరు ఆ దారే పట్టారు. వీళ్లు మాత్రం రొట్టె మందం తగ్గించకుండా 15 రూపాయల నుంచి 20కి పెంచి, ఆ సంగతి పదిహేను రోజుల ముందే పలక మీద రాసి గుమ్మం దగ్గర పెట్టారు. ఆ నెలలో గిరాకీ కొంత తగ్గిందని, తర్వాత మెల్లగా మళ్లీ కుదురుకుందని యజమాని నాతో చెప్పారు. పిండి తగ్గిస్తే రొట్టె తగ్గుతుందని, రొట్టె తగ్గితే తినేవాడికి తెలియకుండా పోదని ఆ మూడు మాటల సామెతలోనే ఉంది.

గల్లా వెనుక “నేడు నగదు, రేపు అప్పు” అన్న బోర్డు వేలాడుతుంది. ఈ బోర్డు లేని కిరాణా దుకాణం మన జిల్లాలో అరుదు. కానీ అదే గల్లా సొరుగులో ఉద్దెర పుస్తకం కూడా ఉంది. యార్డులో పనిచేసే హమాలీలు, రోజూ ఇక్కడే తినే ఆటో డ్రైవర్లు, ఇలా పది పన్నెండు మంది పేర్లు అందులో ఉంటాయి. ఒక్కొక్కరికి 500 రూపాయల హద్దు, శనివారం సాయంత్రం లెక్క తీర్చాలి. మొదట్లో ఇది సామెతకు విరుద్ధమని అనుకున్నాను. తర్వాత గమనిస్తే, ఆ బోర్డు పరిచయం లేనివారికి కాదనే మాటను యజమాని నోటితో అనకుండానే చెబుతోంది, పుస్తకం నమ్మకస్తులకు అవునంటోంది. ఈ తేడా నాకు తెలియక నష్టపోయాను. నా దుకాణంలో కూడా అదే బోర్డు పెట్టుకుని, ఒక ప్రైవేటు పాఠశాలకు మాత్రం పెద్ద గిరాకీ కదా అన్న ఆశతో జూన్‌లో నోటుపుస్తకాలు ఉద్దెరకు ఇచ్చాను. హద్దు పెట్టలేదు, తేదీ పెట్టలేదు. ఆ డబ్బులో చివరి వాయిదా సంక్రాంతి దాటాక వచ్చింది, ఆలోగా హోల్‌సేల్ వ్యాపారికి నేను వడ్డీ కట్టాల్సి వచ్చింది. ఉద్దెర వద్దని బోర్డు చెప్పింది, ఇవ్వక తప్పనప్పుడు ఎలా ఇవ్వాలో మాత్రం నేను ఈ హోటల్ పుస్తకం చూసి నేర్చుకున్నాను.

కిటికీ పక్కన ఉన్నది “గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలి.” కళ్లంలో నిలబడ్డ రైతుకు దీనికి మించిన సలహా లేదు. ఈ సామెతను నమ్మే దంపతులు గత కార్తీకంలో చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తి జాతరకు పెనాలతో సహా వెళ్లి, ఇక్కడ హోటల్‌కు పన్నెండు రోజులు తాళం వేశారు. జాతరలో రొట్టెలు బాగానే అమ్ముడయ్యాయి. కానీ రోజూ ఇక్కడ తినేవాళ్లు ఆ పన్నెండు రోజులూ ఆకలితో ఆగరు కదా, వేరే చోటు చూసుకున్నారు. వాళ్లలో కొందరు సంక్రాంతి దాకా తిరిగి రాలేదు. గాలి ఏ దిక్కున వీస్తున్నదో సామెత చెబుతుంది గానీ, అటు తిరిగినప్పుడు ఇటు కళ్లంలో గింజలు ఎవరు కాపాడాలో చెప్పదు. ఈసారి ఒక పెనం, ఒక మనిషిని ఇక్కడే ఉంచుతామని వాళ్లు అంటున్నారు, అలా చేయాలనే కోరుకుంటున్నాను.

చేతులు కడుక్కునే చోట “నిదానమే ప్రధానం”, దాని పక్కనే “ఆలస్యం అమృతం విషం” ఉన్నాయి. ఈ రెండింటినీ ఒకే గోడ మీద రాయించడం నాకు నచ్చలేదు, ఎందుకంటే ఈ హోటల్‌కు ఉన్న ముఖ్యమైన లోపం సరిగ్గా వీటి మధ్యనే ఉంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే మొదటి రొట్టె పది నిమిషాల్లో వస్తుంది, రెండోది రావడానికి ఒక్కోసారి ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది, ఆలోగా కూర చల్లారిపోతుంది. రొట్టె చేయడంలో తొందరపడితే చెడుతుందన్నది నిజమే, అందుకు నిదానం కావాలి. ఆర్డరు రాసుకోవడంలో, పార్సిళ్లను, కూర్చున్నవారి రొట్టెలను వేరు చేయడంలో నిదానం ఎందుకు? పార్సిళ్లకు ఒక పెనం విడిగా కేటాయిస్తే సగం సమస్య తీరుతుంది. పార్సిల్ రొట్టెలను వేడి మీదనే ప్లాస్టిక్ కవర్లో చుట్టడం కూడా మానాలి, ఇంటికి చేరేసరికి అవి చెమటపట్టి మెత్తబడుతున్నాయి. మోదుగాకు విస్తరిలోనో కాగితంలోనో చుట్టి ఇస్తే ఎంతో మేలు.

బల్లలకు ఎదురుగా పెద్ద అక్షరాలతో “కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి” అని రాశారు. పనివాళ్లకో, తమకు తామేనో చెప్పుకోవడానికి రాయించి ఉంటారు. కూర్చుని తినడానికే డబ్బులిచ్చి వచ్చిన మనిషి కళ్లెదుట ఆ మాట ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. ఒక పెద్దాయన దాన్ని చదివి, గబగబా ముగించి లేవడం నేను చూశాను. దాన్ని వంటగదిలోకి మార్చమని యజమానికి చెప్పాను.

వంట విషయానికి వస్తే, పుంటికూర పప్పు చాలా బాగుంటుంది, పులుపు సరిగ్గా నిలుస్తుంది. నాటుకోడి కూర ఆదివారమే చేస్తారు, ప్లేటు 180 రూపాయలు, కారం కాస్త ఎక్కువ. వంకాయ కూరలో నూనె తగ్గించవచ్చు. “కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ” అన్నట్లు కొసరు అడిగేవాళ్లు ఇక్కడ తక్కువేమీ కాదు. అందుకు వాళ్లు చేసిన ఏర్పాటు మెచ్చదగ్గది: పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం, ఉల్లిగడ్డ ఎన్నిసార్లు అడిగినా మొహం చిట్లించకుండా వడ్డిస్తారు, మాంసం కూరలకు మాత్రం కొసరు లేదు. ఎవరికైనా ఒకటే పద్ధతి కాబట్టి ఎవరూ నొచ్చుకోరు.

ఉదయం 11 నుంచి రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది, సోమవారం సెలవు. ఫోన్‌పే తీసుకుంటారు. ఇద్దరికి నాలుగు రొట్టెలు, పప్పు, ఒక కూరగాయ కూరతో 200 రూపాయల లోపే అవుతుంది. పన్నెండున్నర లోపు వెళ్లి పెనానికి దగ్గరగా ఉన్న రెండో బల్ల దగ్గర కూర్చుంటే, రొట్టె పొంగుతుండగానే పళ్లెంలోకి వస్తుంది.