డాన్యూబ్ గట్టున సైకిల్: పాసౌ నుంచి వియన్నా దాకా

వారాంతంలో పాతిక ముప్పై కిలోమీటర్లు తొక్కి, మళ్లీ వారం దాకా సైకిల్ ముట్టని మాలాంటివాళ్లు కూడా ధైర్యంగా బయలుదేరదగిన దూరప్రయాణం ఒకటుంది. జర్మనీ సరిహద్దు పట్టణం పాసౌ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా వరకు డాన్యూబ్ నది వెంట సాగే దారి అది. ఇంచుమించు 320 కిలోమీటర్లు. దీని గురించి ఎక్కడ చదివినా కొండలు, కోటలు, ద్రాక్షతోటల వర్ణనలే. అవన్నీ ఉన్న మాట నిజమే. అక్కా నేనూ తొక్కి వచ్చాక మాత్రం నేను ముందుగా చెప్పే సుగుణం వేరు: ఈ దారిలో ఎక్కడ విసుగొస్తే అక్కడ ఆగిపోవచ్చు. పది పదిహేను కిలోమీటర్లకో ఊరు, ఊళ్లో బస, అవతలి గట్టుకు పడవ, చాలాచోట్ల దగ్గర్లోనే రైలు. సాయంత్రానికి ఫలానా చోటికి చేరకపోతే గతేమిటన్న బెదురు లేదు కాబట్టే హాయిగా తొక్కగలిగాం.

ఎక్కువమంది పడమర నుంచి తూర్పుకే, అంటే నది పారే వైపుకే వెళ్తారు. పల్లానికి పోతున్నాం కదా, కాళ్లకు పని ఉండదనుకుంటే పొరపాటు. ఈ మొత్తం దూరంలో నేల దిగేది సుమారు 150 మీటర్లే. అది కంటికీ తెలియదు, కాలికీ తెలియదు. అసలు సాయం గాలిది. ఇక్కడ పడమటి గాలులు ఎక్కువ. వియన్నా నుంచి పాసౌకు ఎదురు వస్తున్నవాళ్లు హ్యాండిల్ మీదకు వంగి, పళ్లు బిగించి తొక్కుతుంటే మేం వీపున గాలి పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ పోయాం. గాలి ఎదురు తిరిగే రోజులూ ఉంటాయి. అలాంటి రోజున అక్క రైలెక్కింది, నేను మొండిగా తొక్కాను. ఎవరి నిర్ణయం తెలివైనదో రాత్రి భోజనం దగ్గర తేలిపోయింది.

దారిలో చాలా భాగం పాతకాలపు లాగుడు బాట. ఆవిరి పడవలు రాకముందు ఎగువకు పోయే సరుకు పడవలను గుర్రాలకు తాళ్లు కట్టి గట్టు మీద నుంచి లాగించేవారు. గోదావరి డెల్టా కాలువల్లో మనుషులు తాడు భుజాన వేసుకుని పడవ లాగినట్టే, ఇక్కడ గుర్రాలు. అందుకే బాట నీటిని వదలదు, ఎత్తుపల్లాలు పెట్టదు. ఇప్పుడది తారు వేసిన నున్నటి దారి. అట్లాంటిక్ తీరం నుంచి నల్లసముద్రం దాకా యూరప్‌ను అడ్డంగా దాటే యూరోవెలో 6 అనే సైకిల్ మార్గంలో ఇదొక ముక్క. గుర్తులు ఎంత బాగున్నాయంటే ఫోనులో పటం తెరవవలసిన అవసరం పట్టణాల్లో తప్ప పెద్దగా రాలేదు.

పాసౌలో ఒక పూటైనా ఉండాలి. డాన్యూబ్, ఇన్, ఇల్జ్ అనే మూడు నదులు కలిసే కొస దగ్గర నిలబడితే నీటి రంగుల తేడా కనిపిస్తుంది. బురదనేలల మీదుగా వచ్చే ఇల్జ్ నల్లగా, మంచుకొండల నుంచి దిగే ఇన్ లేతాకుపచ్చగా ఉంటాయి. పట్టణ సభాభవనం గోడ మీద వరద గుర్తులు చూడండి. 2013లో నీరు 12.89 మీటర్లకు లేచింది. ఆ గీత మన తల మీద ఎక్కడో ఉంటుంది. గట్టు వెంట ప్రయాణమంటే ఆ నదితోనే వ్యవహారమని బయలుదేరే ముందే తెలియడం మంచిదే.

సైకిళ్లు అక్కడే అద్దెకు తీసుకున్నాం. అక్కకు విద్యుత్ సైకిల్, నాకు మామూలుది. అద్దె సైకిళ్లలో కొన్నింటికి పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. మన అలవాటు వేరు. ఆగినప్పుడు పెడల్‌ను వెనక్కి తిప్పి కాలికి అనువుగా పెట్టుకుంటాం కదా, దానితో అది కుదరదు. హ్యాండిల్ బ్రేకులు మాత్రమే ఉన్నది కావాలని ముందే అడగండి. ఇంకో మాట: మాకు ఇచ్చిన పంపు మూతి నా ట్యూబు వాల్వుకు సరిపోయేది కాదు. దుకాణం వదిలే ముందు ఒక్కసారి గాలి కొట్టి చూసినందువల్ల బయటపడింది. దుకాణదారు భుజాలెగరేసి, ఇంకో పంపు వెతకడానికి అరగంట తీసుకున్నాడు. సైకిళ్లు మాత్రం చివరిదాకా చైను కూడా జారకుండా నడిచాయి.

ఇక దారి. నన్ను అడిగితే మొదటి వంద కిలోమీటర్లలోనే మంచి సరుకంతా ఉంది. పాసౌ దాటాక లోయ ఇరుకవుతుంది, రెండు వైపులా అడవి నీటి దాకా దిగుతుంది. ష్లోగెన్ దగ్గర నది గట్టి రాతికి తలపడి, పూర్తిగా వెనక్కి తిరిగి పారుతుంది. ఆ వంపును గట్టు మీద నుంచి చూస్తే ఏమీ అర్థం కాదు. సైకిల్ కింద తాళం వేసి, అరగంటకు పైగా అడవిలో ఎక్కి పైనున్న చూపుతావుకు చేరాలి. నిటారు దారి, చెప్పులతో వద్దు. వంపు దగ్గర ఎడమగట్టున కొంత మేర బాటే లేదు. ఆ లోటు తీర్చడానికి ఒక చిన్న పడవ సైకిళ్లను ఎక్కించుకుని, అవతలి ఒడ్డుకు కాకుండా నది పొడవునా దిగువకు తీసుకుపోయి దింపుతుంది. ఈ మొత్తం ప్రయాణంలో మా ఇద్దరికీ బాగా నచ్చిన సేవ అదే. పడవ అక్కడి వెచ్చని నెలల్లోనే తిరుగుతుంది, సాయంత్రం పెందరాళే ఆపేస్తారు. వేళలు ముందురోజే చూసుకోవాలి.

ఓట్టెన్స్‌హైమ్ దగ్గర పంటు ఇంకా ముచ్చటైనది. దానికి ఇంజను అవసరం లేదు. నదికి అడ్డంగా పైన తీగ కట్టి, దానికి పంటును తగిలించారు. కొంచెం వాలుగా తిప్పితే ప్రవాహమే దాన్ని అవతలికి నెడుతుంది. కార్లు, సైకిళ్లు, మనుషులు అంతా ఒకే పంటు మీద, చప్పుడే లేదు. అవసరం లేకపోయినా దాటి, మళ్లీ వెనక్కి దాటాం.

ఓట్టెన్స్‌హైమ్ నుంచి లింట్స్ దాకా మాత్రం పెద్ద రోడ్డును ఆనుకుని పోవాలి. లారీల హోరు తప్ప చెప్పుకోవడానికేమీ లేదు. అక్కడ లోకల్ రైలు ఉంది, సైకిల్ టికెట్టు కొని ఎక్కేయండి. లింట్స్ ఉక్కు కర్మాగారాల పట్టణం. కళాభిమానులకు ఆర్స్ ఎలెక్ట్రానికా కేంద్రమనే ఎలక్ట్రానిక్ కళల ప్రదర్శనశాల ఉంది. మేం కాఫీ తాగి కదిలాం.

లింట్స్ దాటాక కరకట్ట మీద సాఫీగా పోతూ ఉండగా మౌట్‌హౌజెన్ వస్తుంది. నాజీలు 1938లో అక్కడ నిర్బంధ శిబిరం పెట్టారు. 1945 మే 5న అమెరికన్ సైన్యం వచ్చేదాకా ఈ శిబిరంలోనూ దాని ఉపశిబిరాల్లోనూ సుమారు 1,90,000 మందిని బంధించారు. వారిలో కనీసం 90,000 మంది చనిపోయారు. గ్రానైట్ గని నుంచి పైకి 186 మెట్లున్నాయి. ఖైదీలు ఆ మెట్ల మీద బండలు మోసుకుంటూ ఎక్కవలసి వచ్చేది. శిబిరం కొండ మీద ఉంది, ఎక్కుడు కష్టమైనది. విహారయాత్ర మధ్యలో ఇదెందుకని దారి వెంట నేరుగా పోయేవాళ్లే ఎక్కువగా కనిపించారు. నేను వాళ్లను తప్పుపట్టను, కానీ వెళ్లమనే చెబుతాను. ప్రవేశ రుసుము లేదు. కనీసం మూడు గంటలు కేటాయించండి, ఆ రోజుకు ఇంకెక్కువ దూరం పెట్టుకోకండి. మేం ఆ సాయంత్రం పది కిలోమీటర్లు కూడా తొక్కలేదు.

మర్నాడు గ్రైన్. ఒకప్పుడు పడవవాళ్లకు సుడిగుండాల భయం పెట్టిన ఇరుకు లోయ ఇది; బండలు పేల్చేశారు, దిగువన ఆనకట్ట కట్టారు, ఇప్పుడు నీరు చెరువులా నిలకడగా ఉంది. ఊళ్లో 1791 నాటి చిన్న నాటకశాల ఉంది. పక్కనే చెరసాల గది, దానికి రంగస్థలం కనిపించేలా కిటికీ! టికెట్టు లేని ప్రేక్షకులు ఖైదీలేనన్నమాట. గ్రైన్ నుంచి ఎడమగట్టున వాహనాల రోడ్డు పక్కన పోవాలి, కుడిగట్టు ప్రశాంతం. పడవ దొరికితే దాటండి.

బసల సంగతికొస్తే, సైకిల్‌వాళ్లకు పనికొచ్చే ఇల్లు ఎలా ఉండాలో ఈ దారిలోని చిన్న అతిథిగృహాలు నేర్చుకున్నాయి. ఒక్క రాత్రికే వచ్చినా విసుక్కోరు. తాళం వేసే సైకిల్ గది ఉంటుంది, విద్యుత్ సైకిళ్ల బ్యాటరీలకు ప్లగ్గులుంటాయి, తడిసిన బట్టలు ఆరేసుకోవడానికి చోటిస్తారు. పొద్దున్నే రొట్టె, జున్ను, పళ్లు, గుడ్లతో కడుపునిండా తిండి. కుటుంబాలు నడిపే ఇళ్లు పట్టణాల్లోని హోటళ్ల కంటే అన్నివిధాలా నయం. చాలాచోట్ల నగదే ఇష్టపడతారు, యూరోలు దగ్గర పెట్టుకోండి. ఒక్కచోట మాత్రం సైకిల్ గది అని రాసి, పైకప్పు సగమే ఉన్న పెరడు చూపించారు. రాత్రి వాన కురిసి సీట్లు నానాయి. యజమానురాలు ప్లాస్టిక్ సంచులిచ్చి నవ్వేసింది. గది ఖరారు చేసేటప్పుడు సైకిల్ గదికి తలుపు ఉందా అని అడగడం వింతగా అనిపించినా అడగాలి.

తిండికి ఇబ్బంది పడేది ఆదివారాలు. దుకాణాలు మూసేస్తారు. పల్లెల్లో భోజనశాలలకు వారంలో సెలవు రోజులుంటాయి, అవి ఒక్కొక్కరికీ ఒక్కోలా. పైగా రాత్రి వంటగది తొందరగా కట్టేస్తారు. శాకాహారులు శనివారమే పళ్లూ రొట్టే కొనిపెట్టుకోవడం క్షేమం.

మెల్క్ నుంచి క్రెమ్స్ వరకు సుమారు 36 కిలోమీటర్లు వాఖావ్ లోయ. 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మెల్క్‌లో 1089లో స్థాపించిన క్రైస్తవ మఠం ఉంది. ఇప్పుడు కొండ మీద పసుపురంగులో మెరిసే కట్టడం 18వ శతాబ్దపు పని. లోపలి గ్రంథాలయం కోసమైనా ఎక్కాలి. అక్కడి నుంచి మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు, ఆప్రికాట్ చెట్లు, రాతి ఊళ్లు. విలెన్‌డోర్ఫ్‌లో 1908లో దొరికిన పదకొండు సెంటీమీటర్ల రాతి స్త్రీమూర్తి సుమారు ముప్పై వేల ఏళ్ల నాటిది. అసలు బొమ్మ వియన్నా మ్యూజియంలో ఉంది. డ్యూర్న్‌స్టైన్ కోటలో ఇంగ్లండు రాజు రిచర్డ్‌ను 1192 చివర్లో బంధించారు. ఇప్పుడు మిగిలినవి శిథిలాలు.

ఇంత ఉన్నా, ఎడమగట్టున శనివారం నాటి వాఖావ్ నాకు రుచించలేదు. ఓడల నుంచి దిగే గుంపులు, అద్దె సైకిళ్ల మీద పదేసి మంది బృందాలు, ఇరుకు వీధుల్లో బెల్లుల మోత. స్పిట్స్ దగ్గర పంటు ఎక్కి కుడిగట్టుకు వెళ్తే అవే తోటలు, నాలుగో వంతు జనం, పైగా అందమైన ఊళ్లన్నీ ఎదురుగా ఉంటాయి. డ్యూర్న్‌స్టైన్ నీలిరంగు గోపురాన్ని చూడటానికి కూడా అవతలి ఒడ్డే సరైన చోటు. తోటల మధ్య ద్రాక్షసారా రుచి చూపించే ఇళ్లు చాలా ఉన్నాయి, కానీ సైకిల్ తొక్కేవాళ్లకూ ఆస్ట్రియాలో లీటరు రక్తానికి 0.8 గ్రాముల ఆల్కహాల్ అనే పరిమితి ఉంది, దాటితే జరిమానా.

క్రెమ్స్ తర్వాత బాట బల్లపరుపు. ఉత్సాహం కూడా అలాగే. కుడిగట్టున ట్స్వెంటెన్‌డోర్ఫ్ అణువిద్యుత్ కేంద్రం కనిపిస్తుంది. కట్టడం పూర్తయ్యాక 1978 నవంబరు 5న ప్రజాభిప్రాయం అడిగితే 50.47 శాతం వద్దన్నారు. ఒక్క రోజు కూడా నడవలేదు. ఇదే నది మీద ఆస్ట్రియాలో జలవిద్యుత్ కేంద్రాలు మాత్రం వరసగా ఉన్నాయి. చాలావాటి మీదుగా సైకిల్‌తో గట్టు మారవచ్చు. టుల్న్ నుంచి వియన్నాలోకి రావడానికి నగరం రోడ్లు పట్టనక్కర్లేదు. వరద నీటికి తోవ తవ్వినప్పుడు ఏర్పడిన 21 కిలోమీటర్ల కృత్రిమ లంక మీద, కార్ల బెడద లేకుండా నగరం పక్కకు చేరిపోతాం.

ఎప్పుడు వెళ్లాలంటే మే చివర, జూన్, సెప్టెంబరు మొదట్లో. జులై, ఆగస్టుల్లో ముందే గదులు పట్టుకోవాలి. అలా పట్టుకుంటే నచ్చినచోట ఆగే వెసులుబాటు పోతుంది, దాంతో ఈ దారి విలువలో సగం పోయినట్టే. 2024 సెప్టెంబరులో దిగువ ఆస్ట్రియా అనే రాష్ట్రంలో భారీ వరదలొచ్చాయి కాబట్టి వానల తర్వాత బాట ఎక్కడ మూసి ఉందో చూసుకుని కదలండి. పన్నెండేళ్లలోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. పిల్లలతో వెళ్తే రోజుకు ముప్పై కిలోమీటర్లు దాటించకండి.

వియన్నా నుంచి పాసౌకు నేరుగా వెళ్లే రైలుకు రెండు గంటల పైచిలుకు పడుతుంది. వేగపు రైళ్లలో సైకిల్ చోట్లు కొన్నే, ముందే రిజర్వు చేయాలి. సైకిళ్లను వియన్నాలోనే అప్పగించనిచ్చే దుకాణాలున్నాయి, దానికి అదనపు రుసుము తీసుకుంటారు. బేరమాడకుండా ఇచ్చేయండి.