ఎజిలెంట్ 7890బి జీసీ: ఆరేళ్లు వాడాక నా అభిప్రాయం

ఈ నెలలో ఇద్దరు ఫోన్ చేశారు, ఇద్దరిదీ ఒకటే ప్రశ్న: "సెకండ్ హ్యాండ్ 7890బి ఒకటి అమ్మకానికి ఉంది, తీసుకోవచ్చా మేడమ్?" ఒకరిది జీడిమెట్లలో చిన్న బల్క్ డ్రగ్ యూనిట్, ఇంకొకరిది పరవాడ వైపు టెస్టింగ్ ల్యాబ్. ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకేసారి రాసేస్తున్నా. తీసుకోవచ్చు. మంచి మెషీన్. కానీ జీసీ (గ్యాస్ క్రొమటోగ్రాఫ్, శాంపిల్‌ని ఆవిరి చేసి అందులోని రసాయనాలను విడదీసి కొలిచే మెషీన్) అంటే ఫ్రిజ్‌లాగా ప్లగ్ పెట్టి వదిలేసే వస్తువు కాదు. దానికి మీరిచ్చే గ్యాసు, మీరు బిగించే కాలమ్ (ఆ విడదీసే పని జరిగే సన్నటి పొడవాటి గొట్టం), కాన్ఫిగరేషన్‌లో మీరు కొట్టే అంకెలు, ఈ మూడూ సరిగ్గా ఉంటేనే మంచి మెషీన్. ఒక్కటి తప్పినా అదే మెషీన్ పచ్చ లైటు వెలిగించుకుని నెలల తరబడి తప్పుడు రిజల్టు ఇస్తూ పోతుంది.

మా ల్యాబ్‌లో దీనికి ఉన్న పని దాదాపు అంతా రెసిడ్యువల్ సాల్వెంట్స్. మందు తయారీలో వాడిన మిథనాల్, టోలీన్, డైక్లోరోమీథేన్ లాంటివి చివరి పౌడర్‌లో ఎంత మిగిలిపోయాయో చూడటం. మందుల ప్రమాణాలు చెప్పే అంతర్జాతీయ సంస్థ ఐసీహెచ్ క్యూ3సీ నియమాల ప్రకారం మిథనాల్ 3000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 3000) దాకా ఉండొచ్చు, టోలీన్ 890, డైక్లోరోమీథేన్ 600, అసిటోనైట్రైల్ 410. బెంజీన్ అయితే 2 పీపీఎం, అంతే. ఆ పౌడర్ రేపు ఎవరింట్లోనో పెద్దాయన రోజూ పొద్దున్నే వేసుకునే బీపీ మాత్ర అవుతుంది. అందుకే ఈ మెషీన్ గురించి రాసేటప్పుడు పైపైన నాలుగు మాటలు చెప్పి వదిలేయడం నా వల్ల కాదు. మాది ఎఫ్ఐడీ డిటెక్టర్ (కాలమ్ నుంచి వచ్చినదాన్ని హైడ్రోజన్ మంటలో కాల్చి కొలిచేది), 7697ఏ హెడ్‌స్పేస్ (మూసిన చిన్న సీసాని వేడి చేసి, పైన చేరిన ఆవిరినే జీసీకి పంపేది), 624 రకం కాలమ్. మీది మాస్ డిటెక్టర్ అయితే ఈ రివ్యూలో సగమే పనికొస్తుంది.

ముందు బాగున్నవి. నాకు అన్నిటికంటే నచ్చింది ప్రెజర్ కంట్రోల్. ఈపీసీ అంటాం, కాలమ్‌లోకి వెళ్లే గ్యాసు ఒత్తిడిని మెషీనే చూసుకుంటుంది, 0.001 పీఎస్ఐ దాకా సెట్ చేయొచ్చు. మా సీనియర్ సార్ పాత 5890 మీద పని నేర్చుకున్న మనిషి. నాబ్ తిప్పుతూ, గాజు గొట్టంలో సబ్బు బుడగ పైకి పాకుతుంటే స్టాప్‌వాచ్ పట్టుకుని ఫ్లో కొలిచిన రోజులు చెబుతుంటారు. ఇప్పుడు ఆ బాధ లేదు. మిగతావన్నీ సరిగ్గా ఉంటే మిథనాల్ పీక్ (గ్రాఫ్‌లో దాని శిఖరం) సోమవారం ఎక్కడ వచ్చిందో శనివారం కూడా అక్కడే వస్తుంది, రెండో దశాంశం కూడా కదలదు. ఇన్‌లెట్ (శాంపిల్ లోపలికి వెళ్లే చోటు) మూత కూడా బాగుంటుంది, స్పానర్ అక్కర్లేదు, పక్కకు తిప్పితే ఊడి వస్తుంది, లైనర్ (ఇన్‌లెట్ లోపలి గాజు గొట్టం) మార్చడం రెండు నిమిషాల పని. చల్లారాకే సుమా, 250 డిగ్రీల్లో ఉండగా తొందరపడి వేళ్లు బొబ్బలెక్కించుకున్న పిల్లల్ని చూశాను. ఇది 2013లో వచ్చిన మోడల్, 2019లో టచ్ స్క్రీన్‌తో 8890 వచ్చాక దీన్ని పాతది అంటున్నారు కానీ, రోజువారీ ఎఫ్ఐడీ పనికి ఆ తేడా కోసం అంత డబ్బు పెట్టాలని నాకైతే అనిపించలేదు.

ఇక కాన్ఫిగరేషన్, అంటే ఏ కాలమ్, ఏ గ్యాసు పెట్టామో మెషీన్‌కి చెప్పే సెట్టింగ్. అసలు ఈ రివ్యూ రాయడానికి సగం కారణం ఇదే. చేరిన కొత్తలో ఒకరోజు 0.25 మిల్లీమీటర్ల కాలమ్ తీసేసి 0.32 కాలమ్ పెట్టాను. రెండూ 30 మీటర్లే, రెండూ 624 రకమే. బిగించాను, లీక్ చూశాను, మెథడ్ (ఆ పరీక్ష సెట్టింగులున్న ఫైలు) లోడ్ చేశాను, స్క్రీన్ మీద ఫ్లో నిమిషానికి 2 మిల్లీలీటర్లు అని చక్కగా కనిపిస్తోంది, రెడీ లైటు వెలిగింది. స్టాండర్డ్ (తెలిసిన మోతాదులతో కలిపిన ద్రావణం) వేస్తే పీకులన్నీ ముందుకు జరిగిపోయాయి, అసిటోనైట్రైల్, డైక్లోరోమీథేన్ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అమెరికా మందుల ప్రమాణ గ్రంథం యూఎస్‌పీ 467వ అధ్యాయంలో ఆ రెండింటి మధ్య రిజల్యూషన్ (పీకులు ఎంత విడిగా ఉన్నాయో చెప్పే అంకె) కనీసం 1.0 ఉండాలి, నాకు వచ్చింది 0.7. స్టాండర్డ్ మళ్లీ తయారు చేశాను, సెప్టం (ఇన్‌లెట్ మీద సూది దూరే రబ్బరు బిళ్ల) మార్చాను, లైనర్ మార్చాను, రాత్రి ఎనిమిదయింది, బ్యాచ్ రిలీజ్ కోసం ప్రొడక్షన్ వాళ్లు ఫోన్ మీద ఫోన్. ఒకటే టెన్షన్. సార్ వచ్చి క్రొమటోగ్రామ్ (పీకుల గ్రాఫ్) వైపు ఒక్కసారి చూసి, "కాలమ్ డయామీటర్ ఎంత ఇచ్చావమ్మా?" అన్నారు. మెథడ్‌లో చూసుకున్నాను సార్, అన్నాను. "మెథడ్ సంగతి కాదమ్మా, కాన్ఫిగ్‌లో చూడు." చూస్తే అక్కడ 0.25 అలాగే ఉంది.

జరిగేది ఏంటంటే, ఈ మెషీన్ కాలమ్ ఫ్లోని నేరుగా కొలవదు, లెక్క కడుతుంది. కాలమ్ పొడవు, లోపలి వ్యాసం, గ్యాసు రకం, కాలమ్ ఉండే ఓవెన్ టెంపరేచర్ తీసుకుని, ఇంత ఫ్లో రావాలంటే ఇంత ప్రెజర్ కావాలి అని తేల్చుకుని ఆ ప్రెజర్ పెడుతుంది. మీరు చెప్పిన వ్యాసం తప్పయితే లెక్కంతా తప్పు, కానీ స్క్రీన్ మీద మాత్రం మీరడిగిన 2 మిల్లీలీటర్లే కనిపిస్తాయి. పైగా ఫ్లో అనేది వ్యాసానికి నాలుగో ఘాతంలో మారుతుంది. 0.32ని 0.25తో భాగించి నాలుగో ఘాతం చేయండి, 2.7 దగ్గర వస్తుంది. అంటే నా కాలమ్‌లో 2 మిల్లీలీటర్లు పోవాల్సింది 5 పైనే పోతోంది. డిటెక్టర్ గ్యాసులన్నీ ఆపి, పైన ఫ్లో మీటర్ పెట్టి చూస్తే నిజంగానే 5.3 చూపించింది. వ్యాసం సరిదిద్ది మళ్లీ స్టాండర్డ్ వేస్తే పీకులు వాటి చోట్లకి అవే వెళ్లి కూర్చున్నాయి. గ్యాసు రకం కూడా ఇంతే, నైట్రోజన్ నడుపుతూ కాన్ఫిగ్‌లో హీలియం అని ఉంచితే అదే కథ. కాలమ్ చివర అర మీటరు కత్తిరించినా పొడవు 29.5 అని మార్చాలి. కాలమ్ డబ్బా మీద ఉన్న అంకెలు ఒకరు చదవాలి, రెండోవాళ్లు కీప్యాడ్ మీద సరిచూడాలి, మా ల్యాబ్‌లో ఇప్పుడు అలాగే చేస్తున్నాం.

కాలమ్ బిగించడం గురించి కూడా వివరంగానే చెప్తాను, ఎందుకంటే సర్వీస్‌కి ఫోన్ చేసే తలనొప్పుల్లో సగం ఇక్కడే మొదలవుతాయి. నట్టు, ఫెర్రూల్ (లీక్ కాకుండా కాలమ్ చుట్టూ బిగిసే రింగు) ఎక్కించాకే కాలమ్ చివర కత్తిరించాలి, లేకపోతే ఫెర్రూల్ నుంచి రాలిన గ్రాఫైట్ పొడి కాలమ్ నోట్లోకి పోతుంది. సిరామిక్ బిళ్లతో కాలమ్ పైనున్న గోధుమరంగు పూత మీద ఒకే ఒక్క గీత గీసి, మెల్లగా వంచితే టిక్కుమని విరగాలి. రెండు మూడు సార్లు గీశారంటే అంచు చిట్లినట్టే. భూతద్దంలో చూస్తే పదును కత్తితో అడ్డంగా నరికిన చెరుకు ముక్కలా నున్నగా ఉండాలి, ఓ పక్కన పన్ను మొలిచినట్టు కనిపిస్తే మళ్లీ కత్తిరించండి, బద్ధకించకండి. ఇన్‌లెట్ వైపు ఫెర్రూల్ పైన 4 నుంచి 6 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. ఆ కొలత జారిపోకుండా మేం పాత సెప్టం ముక్కని నట్టు కింద కాలమ్‌కి గుచ్చుతాం, అది ఎక్కడుందో చూసుకుంటూ బిగిస్తాం. ఆ తర్వాత రెండో చివర సాల్వెంట్ ఉన్న వయల్‌లో ముంచితే సన్నటి బుడగలు వరుసగా రావాలి. ఆ బుడగలు కళ్లతో చూడకుండా నేను ఎప్పుడూ ఓవెన్ వేడి చేయలేదు. గ్యాసు నడవకుండా వేడి చేస్తే లోపలున్న గాలికే కాలమ్ లోపలి పూత పాడైపోతుంది, కొత్త కాలమ్ డబ్బులు బూడిదలో పోసిన పన్నీరే.

ఒక్క విషయం మాత్రం దయచేసి మరిచిపోకండి. కొత్త కాలమ్ కండిషనింగ్ (వాడేముందు గ్యాసు నడుపుతూ వేడి చేసి శుభ్రం చేయడం) కోసం డిటెక్టర్ వైపు చివర విప్పి వదిలినప్పుడు హైడ్రోజన్ పూర్తిగా కట్టేయండి, డిటెక్టర్ కింద బ్లాంక్ నట్టు బిగించండి. లేకపోతే హైడ్రోజన్ తిన్నగా ఓవెన్‌లోకి దిగుతుంది, అక్కడ హీటర్ కాయిల్ కాలుతూ ఉంటుంది. పేలుతుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి మీదకి ఓవెన్ తలుపు ఎగిరి రావచ్చు. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ నేను మొదటి రోజు చెప్పేది ఇదే, పీకుల గురించి రెండో రోజు.

మన ఊళ్లలో ఎండాకాలం సంగతి వేరేగా చెప్పాలి. 467 మెథడ్‌లో ఓవెన్ 40 డిగ్రీల దగ్గర మొదలై 20 నిమిషాలు అక్కడే ఉంటుంది, తర్వాత నిమిషానికి 10 డిగ్రీల చొప్పున 240కి ఎక్కుతుంది. ఈ ఓవెన్ గది గాలినే లోపలికి లాక్కుని చల్లబడుతుంది, కాబట్టి గది కంటే 4 డిగ్రీలు పైనుంచే అది నిలకడగా ఉండగలదు. గది 37 ఉంటే ఓవెన్‌కి 40 రాదు. మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం ల్యాబ్ ఏసీ ట్రిప్ అయింది. 24 వయల్స్ సీక్వెన్స్ నడుస్తోంది, ఏడో వయల్ తర్వాత ఓవెన్ 42 దగ్గర ఆగిపోయి, కీప్యాడ్ మీద నాట్ రెడీ అని అలాగే ఉండిపోయింది. హెడ్‌స్పేస్‌లో తర్వాతి వయల్ అప్పటికే వేడెక్కుతోంది, 60 నిమిషాలు ఉండాల్సింది గంటన్నర దాటింది, ఆ శాంపిల్ ఇక లెక్కలోకి రాదు. ఆదివారం వచ్చి మొత్తం మళ్లీ పెట్టుకున్నాం. మెషీన్ కొనే బడ్జెట్‌లోనే రెండో ఏసీ, దానికి వేరే లైను కూడా కలుపుకోండి. ఇంకోటి, ఓవెన్ చల్లబడేటప్పుడు వెనక నుంచి వేడి గాలి తన్నుకొస్తుంది. బల్లని గోడకు ఆనించకండి, ఆ గాలి దారిలో ప్లాస్టిక్ ట్యూబులు, వైర్లు వేలాడనివ్వకండి.

గ్యాసు దగ్గర పిసినారితనం పనికిరాదు. మేం హీలియం మానేసి నైట్రోజన్‌తోనే నడుపుతున్నాం, 467 అందుకు ఒప్పుకుంటుంది, హీలియం రేటు వింటే గుండె గుభేలుమంటోంది. సిలిండర్ 99.999 శాతం ఉండాలి, దాని తర్వాత తేమ, హైడ్రోకార్బన్లు, ఆక్సిజన్ పట్టే ఫిల్టర్లు వరుసగా ఉండాలి. ఒకసారి ఓ డీలర్ పంపిన సిలిండర్ పెట్టిన గంటకల్లా బేస్‌లైన్ (పీకులు లేనప్పుడు డిటెక్టర్ చూపే గీత) 11 పీకో ఆంపియర్ల నుంచి 40కి ఎక్కింది. కాలమ్ పోయిందనుకున్నాం. మేకప్ గ్యాసు (డిటెక్టర్‌కి అదనంగా ఇచ్చే గ్యాసు) ఒక్కటి ఆపి చూస్తే టక్కున దిగింది, అంటే చెత్త సిలిండర్ నుంచే వస్తోంది. దాంతో వచ్చిన సర్టిఫికెట్‌లో మాత్రం ఐదు తొమ్మిదులూ ఉన్నాయి. సిలిండర్ మార్చాక కూడా లైను శుభ్రపడటానికి రెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి ఏ సిలిండర్‌నీ అడుగంటనివ్వం, 20 బార్ల దగ్గరే మార్చేస్తాం. ఎఫ్ఐడీకి హైడ్రోజన్ నిమిషానికి 30, 40 మిల్లీలీటర్ల మధ్య, గాలి దానికి పది రెట్లు. మంట వెలిగేటప్పుడు టప్పుమని చిన్న చప్పుడు వస్తుంది. నమ్మకం కుదరకపోతే నిగనిగలాడే స్పానర్ ఒకటి పైన రంధ్రం మీద పట్టుకోండి, మంట ఉంటే దాని మీద ఆవిరి పడుతుంది, హైడ్రోజన్ కాలితే వచ్చేది నీరే కదా. డిటెక్టర్ 150 డిగ్రీలు దాటకుండా వెలిగించాలని చూడకండి.

హెడ్‌స్పేస్ గురించి నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. వయల్ మూత క్రింప్ చేశాక రెండు వేళ్లతో తిప్పి చూడండి, తిరిగితే మళ్లీ క్రింప్ చేయండి. నీటిలో కలిపిన శాంపిల్‌ని సిరంజితో నేరుగా ఇంజెక్ట్ చేయొచ్చుగా అని కొందరు అడుగుతారు. ఒక్క మైక్రోలీటర్ నీరు 250 డిగ్రీల దగ్గర ఆవిరైతే ఒక మిల్లీలీటరు పైనే అవుతుంది, లైనర్‌లో అంత చోటు లేదు, పొంగి గ్యాసు లైన్లలోకి పోతుంది. హెడ్‌స్పేస్‌కి పెట్టిన డబ్బు వృథా కాదు అనడానికి ఈ లెక్క చాలు.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్ సంగతి. మాకు అమ్మినవాళ్లు "అంతా ఓకే మేడమ్" అన్నారు, నేను నమ్మాను. తెచ్చి పెట్టాక ఇన్‌లెట్ ప్రెజర్ సెట్ చేసినదానికంటే పైనే ఉంటోంది, ఎంతకీ దిగదు. విప్పి చూస్తే స్ప్లిట్ వెంట్ ట్రాప్ (ఇన్‌లెట్ నుంచి బయటికి పోయే గ్యాసు దారిలోని ఫిల్టర్) తారు పట్టి మూసుకుపోయి ఉంది. అది చిన్న భాగమే, మార్చాక సరిపోయింది, కానీ మూడు వారాలు పోయాయి. సాఫ్ట్‌వేర్ లైసెన్స్ మీ కంపెనీ పేరు మీదకి మారుతుందో లేదో నోటి మాట కాకుండా కాగితం మీద తీసుకోండి, ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెప్పే నమోదు) లేని సాఫ్ట్‌వేర్‌తో ఫార్మాలో మీరు ఒక్క బ్యాచ్ కూడా రిలీజ్ చేయలేరు. చూడటానికి వెళ్లేటప్పుడు మీ స్టాండర్డ్, మీ కాలమ్ మీరే పట్టుకెళ్లండి. ముందు రోజు రాత్రే మెషీన్ ఆన్ చేసి ఉంచమనండి. వెళ్లగానే ఓవెన్ 240 దాకా ఎక్కేలా ఖాళీ రన్ ఒకటి వేయించండి, బేస్‌లైన్ ఎంత లేస్తుందో, ఎక్కడైనా దొంగ పీకులు వస్తున్నాయో చూడండి. తర్వాత అదే స్టాండర్డ్ ఆరుసార్లు. ఒక రోజంతా పడుతుంది, అమ్మేవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. ఆ ఏడు రన్ల ప్రింట్లు చేతికొచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి. మెషీన్ మీ బల్ల మీదకి ఎక్కిన రోజు, మెథడ్ లోడ్ చేయకముందే, కాన్ఫిగ్ కీ నొక్కి కాలమ్ 1 దగ్గర పాతవాళ్లు వదిలేసిన అంకెలు ఏమున్నాయో చూడండి.