19 క్యూబిక్ అడుగుల పోనీ బాటిల్: ఎనిమిదేళ్లు వాడాక

పోనీ బాటిల్ అంటే స్కూబా డైవింగ్‌లో పెద్ద ట్యాంకుకు తోడుగా, ఆపదకు ఉంటుందని తీసుకెళ్లే చిన్న గాలి సిలిండర్. దీన్ని 2017 వేసవిలో కొన్నాను. అల్యూమినియం సిలిండర్, మూరెడు పొడవుంటుంది. గాలి నింపి, ఆ గాలిని ఊపిరికి తగ్గట్టు నోటికి అందించే రెగ్యులేటర్ తగిలిస్తే ఐదు కిలోలు పైమాటే. బాటిల్, రెగ్యులేటర్, గాలి ఎంతుందో చూపే బొత్తాం సైజు గేజ్, పట్టీలు అన్నీ కలిపి 450 డాలర్ల దాకా అయింది. అప్పటి నుంచి నార్త్ కరోలినా తీరంలో రెండొందలకు పైగా డైవ్‌లు చేశాను. దాదాపు ప్రతిసారీ ఇది నాతోనే ఉంది. నిజంగా దీని అవసరం పడింది మాత్రం ఒక్కసారే.

మేం ఉండేది రాలీ దగ్గర. అక్కడి నుంచి మూడు గంటలు డ్రైవ్ చేస్తే మోర్‌హెడ్ సిటీ. పడవెక్కి ఇంకా లోపలికి వెళ్తే సముద్రం అడుగున ఎటు చూసినా మునిగిన ఓడలే. 1942 మే 9న మునిగిన జర్మన్ జలాంతర్గామి యూ-352 అక్కడే, సుమారు 35 మీటర్ల లోతున ఉంది. స్పార్ అనే కోస్ట్ గార్డ్ ఓడను 2004లో చేపలు గూడు కట్టుకుంటాయని కావాలనే ముంచారు. వాటి చుట్టూ శాండ్ టైగర్ షార్కులు తీరిగ్గా తిరుగుతుంటాయి. పడవ మీదికి ఒంటరిగా వచ్చినవాళ్లకు అక్కడికక్కడే జత కలుపుతారు. అరగంట క్రితం పరిచయమైన మనిషి, చేతిలో కెమెరా, ఎదురుగా షార్క్. అలాంటప్పుడు మన వైపు చూడలేదని ఆయన్ని తప్పుపట్టలేం. నాకు రెండో గాలి కావాలనిపించింది అందుకే.

నిజానికి మొదట కొన్నది ఇది కాదు. చేతిలో ఇమిడిపోయే 3 క్యూబిక్ అడుగుల చిన్న సీసా కొన్నాను. దానికి హోస్ (గాలి గొట్టం) ఉండదు, నోట్లో పెట్టుకునే భాగం సీసాకే ఉంటుంది. బీసీడీ (తేలడానికి గాలి నింపే జాకెట్) జేబు పక్కన తగిలించుకుంటే ఉన్నట్టే తెలియదు. ఒక సీజనంతా దాన్ని నమ్ముకుని దిగాను. ఓ రోజు రాత్రి కాగితం తీసుకుని లెక్క వేశాక నిద్ర పట్టలేదు.

3 క్యూబిక్ అడుగులంటే, కుదించి నింపిన ఆ గాలిని బయటికి వదిలితే, దాదాపు 85 లీటర్లు. ప్రశాంతంగా ఉన్నప్పుడు నాకు నిమిషానికి 16 లీటర్లు చాలు. గుండె దడదడలాడుతుంటే 40 అయినా పడుతుంది. 30 మీటర్ల లోతున ఒత్తిడి పైకంటే నాలుగింతలు కాబట్టి, అక్కడ ఆ 40 కాస్తా 160 అవుతుంది. అంటే సీసా అరనిమిషంలో ఖాళీ. పైకి వస్తున్నకొద్దీ ఒత్తిడి తగ్గి ఇంకాస్త సాగినా నిమిషం దాటదు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున నెమ్మదిగా రావాలంటే పైకి చేరడానికే మూడు నిమిషాలు దాటుతుంది. ఈ లెక్క కొనేముందే వెయ్యాల్సింది, వెయ్యలేదు. పదిహేను మీటర్లలోపు తిరిగేవాళ్లకు ఆ సీసా పనికొస్తుందేమో. నేను వెళ్లే లోతులకు మాత్రం అది ధైర్యమే ఇచ్చింది, గాలి ఇవ్వలేదు.

19 క్యూబిక్ అడుగులంటే 540 లీటర్లకు దగ్గర. అదే కంగారు లెక్కన 30 మీటర్ల దగ్గర ఒక నిమిషం తేరుకోవడానికి 160, పైకి రావడానికి 330 పైచిలుకు. అక్కడికి సరిపోతుంది. ఒంట్లో చేరిన నైట్రోజన్ పోవడానికి అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, దానికి మాత్రం చాలదు, కంగారు తగ్గించుకుంటే తప్ప.

మొదటి రెండేళ్లు దీన్ని వీపు మీద, పెద్ద ట్యాంకుకు కట్టుకునేవాణ్ణి. పడవ మీద నడవడానికి అలాగే సుఖం. కానీ గేజ్ కనబడదు, వాల్వ్ అందదు. ఒకసారి పడవ మీంచి దూకినప్పుడు దీని రెగ్యులేటర్ నుంచి గాలి దానంతటదే పోవడం మొదలైంది. అంత హడావుడిలో ఆ బుడగలు ఎవరివో నాకు తెలియలేదు. సగం ఖాళీ బాటిల్‌తో డైవ్ మొత్తం చేసి పైకి వచ్చాకే చూసుకున్నాను. ఆ తర్వాత ఎడమ వైపుకు మార్చి, రెండు క్లిప్పులతో చంక కింద వేలాడదీస్తున్నాను. ఇప్పుడు తల దించితే గేజ్, చెయ్యి చాపితే వాల్వ్. వాల్వ్ తెరిచే ఉంచుతాను. మూసి ఉంచాలనేవాళ్లూ ఉన్నారు, వాళ్ల కారణాలు వాళ్లవి. నాకు కావాల్సింది నోట్లో పెట్టుకోగానే ఊపిరి రావడం.

ఇంకో పొరపాటు దీనికంటే ప్రమాదకరం. రెండు రెగ్యులేటర్లూ నల్లవే ఉన్న రోజుల్లో ఒకసారి పోనీది నోట్లో పెట్టుకుని దూకేశాను. 12 మీటర్ల దగ్గర పెద్ద ట్యాంక్ గేజ్ చూస్తే ముల్లు కదల్లేదు. అప్పుడు అర్థమై ఒళ్లు చల్లబడింది. అలా గమనించకుండా 30 మీటర్లకు వెళ్లి, అక్కడ గాలి ఆగిపోతే, ట్యాంకే ఖాళీ అయిందనుకునేవాణ్ణి. మర్నాడే పోనీకి పసుపు రెగ్యులేటర్ పెట్టాను. దాని నోటిముక్క కూడా వేరే రకం, కళ్లు మూసుకున్నా పంటికి తేడా తెలుస్తుంది. సాగే తాడుతో మెడలో వేసుకుంటాను, గడ్డం కిందే ఉంటుంది.

ఇక ఆ ఒక్కసారి. 2021 ఆగస్టు, స్పార్ మీద, 30 మీటర్ల లోతు. తల వెనక ప్రెషర్ కుక్కర్ విజిల్ ఎత్తినట్టు ఒక్కసారిగా చప్పుడు. కళ్ల ముందంతా బుడగలు. గేజ్ పట్టుకుంటే ముల్లు దిగిపోవడం కంటికి కనిపిస్తోంది. బడ్డీ (ఆ రోజు నాకు జత) పదిహేను మీటర్ల అవతల, వీపు నా వైపు. చెయ్యి నేరుగా గడ్డం కిందికి పోయింది. పసుపుది నోట్లో పెట్టుకుంటే మొదటి ఊపిరి ఉప్పునీళ్లతో వచ్చింది. బొత్తాం నొక్కి ఊదేశాక రెండోది చక్కగా వచ్చింది. లంగరు తాడు పట్టుకుని, నా బుడగల కంటే వేగంగా పోకూడదని వాటినే చూస్తూ పైకి వచ్చాను. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాను. పడవెక్కాక పోనీ గేజ్ చూశాను. 3000 పీఎస్ఐ ఒత్తిడితో దిగిన బాటిల్‌లో 300 ఉంది.

పగిలింది ఆక్టోపస్ (బడ్డీకి అవసరమైతే ఇచ్చే అదనపు నోటి రెగ్యులేటర్) హోస్, ట్యాంక్ వాల్వ్ మీద ఉండే ఫస్ట్ స్టేజ్‌కు బిగించే చోట. హోస్ వంగకుండా పైన వేసే రబ్బరు తొడుగు కిందే పగులు దాక్కుంది. ఆ రెగ్యులేటర్‌కు రెండు నెలల ముందే సర్వీస్ చేయించాను. తొడుగు జరిపి చూడాలని సర్వీస్ చేసినవాళ్లకూ తోచలేదు, నాకూ తోచలేదు. చిన్న గొట్టమేగా, నెమ్మదిగా పోతుందిలే అనుకునేవాణ్ణి. గేజ్‌కు వెళ్లే హోస్ పగిలితే నిజంగానే నెమ్మదిగా పోతుంది, దాని మొదట్లో రంధ్రం సూదిమొనంత ఉంటుంది. రెగ్యులేటర్ హోస్ అలా కాదు, ట్యాంక్ నిమిషాల్లో ఖాళీ.

ఆ 300 చూశాక 30 మీటర్లు దాటే డైవ్‌లకు 30 క్యూబిక్ అడుగుల బాటిల్ కూడా కొన్నాను. అది బరువే, పడవ నిచ్చెన ఎక్కేటప్పుడు తెలుస్తుంది. తక్కువ లోతులకు ఇప్పటికీ 19దే.

పోనీ ఉంది కదా అని ఇంకో అయిదు నిమిషాలు కింద ఉండేవాళ్లను చాలామందిని చూశాను. దయచేసి అలా చెయ్యకండి. దాని గాలిని నా ప్లాన్‌లో ఒక్క ఊపిరి కూడా లెక్క కట్టను. అది లేకపోతే ఏ ప్రెషర్ దగ్గర వెనుదిరిగేవాణ్ణో ఇప్పుడూ అక్కడే వెనుదిరుగుతాను. ప్రతి డైవ్ చివర, అయిదు మీటర్ల స్టాప్ దగ్గర, ఒకసారి పసుపు దానికి మారి నాలుగు ఊపిర్లు తీసుకుంటాను. ఆ ఆగస్టులో చెయ్యి వెతుక్కోకుండా వెళ్లిందంటే ఆ అలవాటు వల్లే.

ఖర్చు కొనడంతో అయిపోదు. ఏడాదికోసారి లోపల దీపం పెట్టి చూసే తనిఖీ, అయిదేళ్లకోసారి నీటి ఒత్తిడితో సిలిండర్ బలం చూసే హైడ్రో టెస్ట్. 2022లో నాది పాసై, మెడ దగ్గర కొత్త తేదీ గుద్దించుకుని వచ్చింది. రెగ్యులేటర్ సర్వీస్ వేరే.

ఇండియా వచ్చినప్పుడు దీన్ని తేను. విమానంలో పెట్టాలంటే వాల్వ్ ఊడదీసి, లోపల ఖాళీ అని కనబడేలా ఉంచాలి. దిగాక మళ్లీ బిగించి, నింపేవాళ్లను ఒప్పించాలి. అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో దిగినా, మా రుషికొండలో దిగినా 18 మీటర్లు దాటను, గైడ్‌కు రెండు చేతుల దూరంలోనే ఉంటాను. అద్దె రెగ్యులేటర్ చేతికివ్వగానే నేను చేసే మొదటి పని, హోస్‌ల మీది రబ్బరు తొడుగులు వెనక్కి జరిపి, ఆ చోట వంచి చూడటం.