తళతళలాడే పాత మంగలికత్తి కొనేముందు ఒక్కసారి ఆగండి

‘సాన పట్టాము, గడ్డం గీసుకోవడానికి సిద్ధంగా ఉంది’ అన్న మాటను నమ్మి ఆన్‌లైన్‌లో పాత మంగలికత్తి తెప్పించుకోబోతున్న కొత్తవారి కోసం ఇది రాస్తున్నాను. మా తాతగారి కత్తి ఒకటి నా దగ్గర ఉంది. నేర్చుకునే రోజుల్లో దాన్ని ఎక్కడ పాడుచేస్తానోనన్న భయంతో, చేయి కుదిరేవరకు వాడుకోవడానికి మరొకటి కొన్నాను. ఆ జాగ్రత్తే నా కొంప ముంచింది.

వచ్చిన కత్తి అద్దంలా మెరుస్తోంది. దాని మీద కత్తులకు పేరుపడ్డ జర్మనీ ఊరు జోలింగెన్ ముద్ర చూసి మురిసిపోయాను గాని, జోలింగెన్ అయినా ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ అయినా ఆ ముద్ర కత్తి పుట్టిన ఊరిని చెబుతుందే తప్ప, తరువాత అది ఎవరి చేతుల్లో ఏమైందో చెప్పదు. మొదటి రోజే చెంప మీది వెంట్రుకలు తెగకుండా లాగుకుపోయాయి, దవడ మీద రెండు గాట్లు పడ్డాయి. తప్పు నాదే అనుకున్నాను. కత్తిని చర్మానికి సుమారు 30 డిగ్రీలకు మించి నిలబెట్టినా, రెండో చేత్తో చర్మాన్ని బిగలాగకపోయినా, గీసుకునే ముందు కత్తిని రుద్దే తోలుపట్టీ చివర దాన్ని వెన్ను మీదుగా కాక వాదర (పదునైన అంచు) మీదుగా తిప్పినా ఇలాగే అవుతుంది కనుక, మూడు వారాలు నన్ను నేను దిద్దుకుంటూ గడిపాను. అమ్మినవారూ ‘మీ చేయి ఇంకా కుదరలేదు’ అనే అన్నారు.

చివరకు సాన పట్టడం తెలిసిన ఒక మిత్రుడికి చూపించాను. ఆయన వాదర పొడుగునా మార్కర్‌తో నల్లగా గీసి, తడిపిన సానరాయి మీద కత్తిని పడుకోబెట్టి, ఏమాత్రం నొక్కకుండా ఒక్కసారి తోశారు. రాయి తగిలిన చోటల్లా సిరా చెరిగిపోవాలి. రెండు చివరలా చెరిగింది. నడుమ రెండు వేళ్ల మేర నలుపు నలుపుగానే ఉంది. అంటే వాదర మధ్యలో లోపలికి అరిగిపోయింది. వెన్ను కూడా ఒక పక్క దారమంత, మరో పక్క బియ్యపు గింజంత వెడల్పున అరిగి ఉంది. మంగలికత్తికి సాన పట్టేటప్పుడు వెన్ను, వాదర రెండూ రాయికి ఆనే ఉంటాయి. పదును కోణాన్ని నిర్ణయించేది ఆ వెన్ను మందమే కనుక, అది వంకరగా అరిగితే వాదర కూడా వంకరపోతుంది.

అయినా ఆయన 1000 నంబరు గరుకు రాయి మీద అంచు సరిచేసి, 8000 నంబరు నున్నని రాయి దాకా తీసుకువెళ్లారు. ముంజేతి వెంట్రుకలు చక్కగా తెగాయి, కాని సగం చెంప గీసేసరికి పదును పోయింది. ఎన్నిసార్లు పట్టినా అంతే. మెరుపు కోసం మోటారు చక్రానికి పెట్టినప్పుడు కత్తి కాలి ఉంటుందని ఆయన అభిప్రాయం, నాదీ అదే. ఇలాంటి ఉక్కు సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటితే గట్టిదనం కోల్పోవడం మొదలవుతుంది, పలుచని వాదర అన్నిటికన్నా ముందు వేడెక్కుతుంది. కాలినచోట తేలే గోధుమ, నీలి రంగులను అదే చక్రం తుడిచేస్తుంది కనుక మనకు ఆనవాలు కూడా మిగలదు.

తాతగారి కత్తి మీద నల్లమచ్చలు ఉన్నాయి, కాని అవి వాదర దాకా పాకలేదు. సాన పట్టగానే అది బుద్ధిగా పనిచేసింది. (మీకు వచ్చిన కత్తి పిడి పాత సెల్యులాయిడ్‌దైతే పెట్టెలో మూసి ఉంచకండి. అది కుళ్లడం మొదలైతే వెలువడే ఆమ్లపు ఆవిరి ఉక్కును తినేస్తుంది.) కనుక మెరుపున్న ఫొటోలు కాదు, వాదరను దగ్గరగా, వెన్నును రెండు పక్కలా చూపే ఫొటోలు అడగండి. నేను అడగలేదు.

తిరిగి ఇచ్చేస్తానంటే, ముఖానికి వాడిన వస్తువును వెనక్కు తీసుకోబోమని జవాబు వచ్చింది. గీసుకుంటే గాని కత్తి సంగతి తెలియదు, గీసుకున్నాక వారు తీసుకోరు. అందుకే పార్సిల్ విప్పగానే, ముఖానికి ఆనించకముందే, భూతద్దంతో వాదర అంతా చూసి, తల వెంట్రుక ఒకటి వేలాడదీసి వాదరకు తాకించి తెగుతుందో లేదో చూసి, ఆ రెండూ వీడియో తీసుకోండి.