మండుటెండలో ఫోను వీడియో: ఫిల్టరు మేలా, నీడ మేలా?

పల్నాడులో మా పెద్దమ్మ వాళ్ల మిరప కల్లంలో మార్చి నెల మిట్టమధ్యాహ్నం తీసిన వీడియో ఒకటి నా ఫోనులో ఇంకా ఉంది. ఎండలో ఫోను చేసే తప్పులన్నీ ఒక్కచోటే దొరుకుతాయని దాన్ని చెరిపేయలేదు. ఆరబోసిన కాయలు విడివిడిగా కనిపించవు, నేల మీద ఎర్ర రంగు ఒలికినట్టు ఒకటే ముద్ద. తాలు కాయలు ఏరుతున్న పెద్దమ్మ కళ్లు రెండు నల్లటి గుంటలు. గంపలోంచి కుమ్మరిస్తున్న కాయలు జారుతున్నట్టు లేవు, గాలిలో ఆగి ఆగి దూకుతున్నట్టున్నాయి.

చూసినవాళ్లంతా ఎన్‌డీ ఫిల్టరు, అంటే లెన్సు మీద తగిలించే నల్లటి అద్దం, కొనమన్నారు. కొన్నాను. ఆ మూడు జబ్బుల్లో అది నయం చేసింది మూడోదాన్ని మాత్రమే.

కారణం సులువే. చాలా ఫోన్లలో అపెర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, మారదు; దాని కొలత ఎఫ్/1.8 అయితే చీకట్లోనూ అంతే, ఎండలోనూ అంతే. వెలుగు ఎక్కువైతే ఫోను చేయగలిగింది ఐఎస్‌ఓ (వెలుగుకు స్పందించే స్థాయి) తగ్గించడం, ఆపైన షట్టర్ వేగం పెంచడం, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు తీసుకునే సమయాన్ని కుదించడం. ఫిల్ము కెమెరాల కాలం నాటి ఎండ లెక్క ప్రకారం ఐఎస్‌ఓ 50 దగ్గర ఆ వేగం దాదాపు సెకనులో 4000వ వంతుకు చేరుతుంది. అంత తక్కువ సమయంలో ప్రతి ఫ్రేములోనూ కాయ ఆగిపోయినట్టే పడుతుంది, అందుకే ఆ దూకుడు. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో కదలిక సహజంగా కనిపించాలంటే 60వ వంతు చాలు. వెలుగులో 64వ వంతే లోపలికి వదిలే ఎన్‌డీ 64 ఫిల్టరు ఈ తేడాను సరిగ్గా పూడుస్తుంది. జారే కాయలకు సన్నటి చార వస్తుంది, కంటికి హాయిగా ఉంటుంది.

కానీ పెద్దమ్మ కళ్లు? ఫిల్టరు వెలుగునూ నీడనూ సమానంగా తగ్గిస్తుంది. మనం నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నంత మాత్రాన ఎదుటివాళ్ల కళ్ల కింద నీడ పోదు కదా!

పైగా ఫిల్టరుకు దాని తంటాలు దానికున్నాయి. షట్టర్ నెమ్మదించాక చేత్తో పట్టుకుని నడుస్తూ తీస్తే, ఫోను ఆ కుదుపును సరిచేసినా ఫ్రేములో అలికినట్టున్న మసక మిగిలిపోతుంది. స్టాండు ఉంటేనే దాని సుఖం. క్లిప్పుతో తగిలించే ఫిల్టరు ఒక్క లెన్సునే కప్పుతుంది. జూమ్ చేయగానే ఫోను పక్క లెన్సుకు మారితే అంతా మొదటికి వస్తుంది. తిప్పితే నలుపు పెరిగే రకంలో చివరిదాకా తిప్పితే చిత్రం మీద ఇంటూ (X) గుర్తు లాంటి నల్లటి మరక పడుతుంది. షట్టర్‌ను మన చేతిలో ఉంచుకోవడానికి బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్ కూడా కావాలి.

ఇక నీడ. పెద్దమ్మను అరుగు మీద, అంచుకు రెండడుగులు లోపల, ముఖం ఆరుబయటి ఆకాశం వైపు ఉండేలా కూర్చోబెట్టాను. వెనక ఇంటి తలుపు, లోపలి చీకటి. కనురెప్పల వెంట్రుకలు కూడా కనిపించాయి. అదే వెనక ఎండపడిన వాకిలి పెట్టి ఉంటే వాకిలి తెల్లగా పేలిపోయేది. వేపచెట్టు కింద తీయడం మాత్రం నాకు నచ్చలేదు. ఆకుల సందుల్లోంచి పడే ఎండ ముఖమంతా మచ్చలు చేస్తుంది, ఎండలో తీసినా అంతకంటే నయం.

కల్లం వదిలి రానంటే? సినిమా షూటింగుల్లో తల మీద తెల్లగుడ్డ బిగించిన చట్రం, పక్కన థర్మాకోల్ షీటు పెట్టేది ఇందుకే. మాకు పెదనాన్న పంచె సరిపోయింది. ఇద్దరు పిల్లలు దాన్ని పైన పట్టుకుంటే ఎండ మెత్తబడింది. గడ్డం కింద ఎర్రటి ఛాయ కనిపించి మొదట కంగారు పడ్డాను. అది కాయల రాశి మీద నుంచి తిరిగొచ్చిన వెలుగు. ముందు ఒక తెల్ల దుప్పటి పరిస్తే పోయింది.

ఎర్ర ముద్ద సంగతికి రూపాయి ఖర్చు లేదు. కాయల మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) లాక్ చేసి, పక్కన కనిపించే గీతను కాయ కాయ విడిపడేదాకా కిందికి లాగాలి. కాస్త చీకటిగా వచ్చినదాన్ని తర్వాత వెలిగించుకోవచ్చు, పేలిపోయినదాన్ని తిరిగి తేలేం.

కాబట్టి ముఖాలు తీసేవాళ్లకు నీడే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. నీళ్లు, పరుగెత్తే ఎడ్లు, తిరిగే చక్రాలు స్టాండు మీద తీసేవాళ్లు ఫిల్టరు కొనుక్కోవచ్చు. సాయంత్రం నాలుగున్నర దాకా ఆగగలిగితే ఏటవాలు ఎండ సగం పని తనే చేసిపెడుతుంది, కానీ కూలీలు అప్పటిదాకా ఉండరు.

నీడకు ఇంకో ఓటు ఫోనే వేస్తుంది. ఐఫోన్‌ను 35 డిగ్రీలు దాటని చోట వాడాలని యాపిల్ చెబుతుంది; మన మే నెల 40 దాటడం మామూలే. 4కె రికార్డింగు నడుస్తుండగా ఫోను బాగా వేడెక్కి తెర మసకబారితే ఏ ఫిల్టరూ ఆదుకోదు. వెనక కవరు తీసి అరుగు మీద పది నిమిషాలు వదిలేయండి. తొందరపడి ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, లోపల తేమ పడుతుంది.