140 మెట్లెక్కి వచ్చే పింఛను: మా వార్డు సచివాలయంతో ఆరేళ్లు

మా అమ్మ ఇల్లు విజయవాడలో కొండవాలున ఉంది. రోడ్డు నుంచి 140 మెట్లు. ఆమెకు 74 ఏళ్లు, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. నాన్న పోయాక మందులు, పాలు, కరెంటు బిల్లు అన్నీ వితంతు పింఛనుతోనే గడుస్తున్నాయి. వార్డు సచివాలయం, అంటే పింఛన్లు, ధ్రువపత్రాల వంటి పనులు చూసే మా వార్డులోని ప్రభుత్వ ఆఫీసు గురించి నా మాట ముందే చెప్పేస్తాను: వాళ్లు మెట్లెక్కి వచ్చే పనిలో దానికి సాటి లేదు. మనం మెట్లు దిగి వెళ్లాల్సిన పని పడితేనే కష్టం.

సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాయి. 2020 ఫిబ్రవరి నుంచి పింఛను గుమ్మం దగ్గరికే వస్తోంది. మొదట 2,250 రూపాయలు, తర్వాత కొంచెం కొంచెంగా 3,000 అయింది. 2024 జూలైలో 4,000 చేసి, పాత మూడు నెలల తేడాతో కలిపి 7,000 చేతిలో పెట్టారు. అమ్మ ఆ రోజు రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

అమ్మ ముప్పై ఏళ్లు ఇళ్లలో అంట్లు తోమింది. వేలిముద్ర ఒక పట్టాన పడదు. మొదట్లో వచ్చిన వాలంటీరు అమ్మాయి వేలికి కాస్త కొబ్బరినూనె రాసి, తుడిచి, పదిసార్లయినా ఓపికగా ప్రయత్నించేది. ఇప్పుడు ముఖం చూపిస్తే చాలు. వాలంటీర్లు పోయి సచివాలయ ఉద్యోగులే వస్తున్నా ఆ మర్యాద తగ్గలేదు. 2024 ఆగస్టు 31 నాకు బాగా గుర్తు. మర్నాడు ఆదివారం కావడంతో పింఛను ఒక రోజు ముందే ఇచ్చారు. కుండపోత వాన. మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడింది ఆ రోజే. అలాంటి రోజున తెల్లవారగానే ఒకాయన గొడుగు పట్టుకుని మెట్లెక్కి వచ్చి, "మామ్మగారూ, తలుపు తీయండి" అన్నాడు. నోట్లు ప్లాస్టిక్ కవరులో పొడిగా ఉన్నాయి, ఆయన మాత్రం నిలువునా తడిసిపోయాడు. ఆయన మేలు నేను మరచిపోలేను.

ఇక రెండో వైపు. 2022లో అమ్మ పింఛను ఆగిపోయింది. నెలకు 300 యూనిట్లకు మించి కరెంటు వాడుతున్నారు కాబట్టి పింఛనుకు అర్హత లేదని కారణం చూపించారు. ఆ ఇంట్లో ఉన్నవి రెండు బల్బులు, ఒక ఫ్యాను. ఆరా తీస్తే అమ్మ ఆధార్ నంబరుకు ఎవరిదో వేరే మీటరు జతపడి ఉంది. తప్పు సచివాలయంలోని ఉద్యోగికీ కంప్యూటర్‌లో కనిపిస్తూనే ఉంది. "నా లాగిన్‌లో మార్చే వీలు లేదండీ" అని ఆమె నిజంగా బాధపడుతూ చెప్పింది. ఆ మాట పట్టుకుని కరెంటు ఆఫీసుకు వెళితే సచివాలయానికి వెళ్లమన్నారు. ఐదుసార్లు తిరిగాను, మూడు రోజుల కూలి పోయింది. చివరికి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాకే కదలిక వచ్చింది. రెండు నెలల తర్వాత పింఛను మళ్లీ మొదలైంది, ఆగిన డబ్బు మాత్రం రాలేదు. ఆ రెండు నెలలూ అమ్మ బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుందని నాకు తర్వాత తెలిసింది. ఇప్పటికీ తలచుకుంటే కడుపు రగిలిపోతుంది.

ఎదురుగా కనిపిస్తున్న తప్పును దిద్దే అధికారం ఆ ఉద్యోగికి ఎందుకు ఉండకూడదు? కనీసం విచారణ తేలేదాకా పింఛను ఆపకుండా ఉండాలి. వానలో తడుస్తూ వచ్చి నాలుగు వేలు ఇచ్చేంత నమ్మకం ఉన్న మనిషి మీద, "ఈ మీటరు ఈవిడది కాదు" అని రాసే నమ్మకం ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

మిగతా పనులు, అంటే ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డులో పేరు మార్పు వంటివి, పెద్ద ఇబ్బంది లేకుండానే జరిగాయి. పక్కింటి పెద్దాయన పోయినప్పుడు ఆయన భార్యకు మరుసటి నెలే పింఛను రావడం కళ్లారా చూశాను.

మీ ఇంట్లో పింఛనుదారులు ఉంటే ఒక పని చేయండి. ఆధార్‌కు ఏ మీటరు, ఏ బండి, ఏ భూమి జతపడి ఉన్నాయో సచివాలయంలో ముందే అడిగి చూసుకోండి. నేను ఆరు నెలలకొకసారి అడుగుతున్నాను. ఆనాటి అర్జీ రసీదు అమ్మ పింఛను కార్డుతో పాటే ట్రంకు పెట్టెలో ఉంది.