ఐరోపాకు సమాఖ్య ప్రభుత్వమా, ప్రభుత్వాల కూటమా?

ఐరోపా యూనియన్ ముందు మొదటి నుంచీ రెండు దారులున్నాయి: ప్రజలు నేరుగా ఎన్నుకున్న పార్లమెంటుకు జవాబుదారీగా ఉండే ఉమ్మడి ప్రభుత్వం ఒకటి, కీలక విషయాల్లో ప్రతి దేశానికీ వీటో హక్కు మిగిల్చే ప్రభుత్వాల కూటమి మరొకటి.

మొదటి దారికి ప్రజాస్వామ్య తర్కం బలంగా ఉన్నా, ఓటర్లు దానివైపు అంతగా మొగ్గలేదు. 1979లో ఐరోపా పార్లమెంటుకు తొలి ప్రత్యక్ష ఎన్నికలు జరిగినప్పుడు సుమారు 62 శాతం మంది ఓటు వేయగా, ఆ సభ అధికారాలు ఒప్పందం వెంట ఒప్పందంగా పెరుగుతూ వచ్చినా 2014 నాటికి పోలింగ్ 43 శాతానికి పడిపోయింది. 2005లో యూనియన్‌కు ఒక రాజ్యాంగాన్ని ఇవ్వదలచిన ఒప్పందాన్ని ఫ్రాన్స్‌లో దాదాపు 55 శాతం, నెదర్లాండ్స్‌లో 61 శాతానికి పైగా ఓటర్లు తిరస్కరించారు. ఈ రెండూ వ్యవస్థాపక దేశాలే. అందులోని అంశాల్లో చాలా భాగం ఆ తర్వాత లిస్బన్ ఒప్పందంగా తిరిగి వచ్చింది. దానిపై ప్రజల ఓటు అడిగింది ఐర్లాండ్ ఒక్కటే, అక్కడా 2008లో కాదన్నవారిని 2009లో మళ్లీ అడిగారు. అపనమ్మకం పెరగడంలో వింతేముంది?

రెండో దారిలో చర్చ సొంత భాషలో, సొంత పార్లమెంటులో సాగుతుంది కనుక పరాయితనం తక్కువ. అయితే ఏకగ్రీవం కోసం కాలం కరిగిపోతుంది: ఉక్రెయిన్‌కు 5,000 కోట్ల యూరోల సాయాన్ని 2023 డిసెంబరులో హంగరీ ఒక్కటే అడ్డుకోగా, 2024 ఫిబ్రవరి 1న గానీ అంగీకారం కుదరలేదు. పైగా యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్‌లో తాము ఒప్పుకున్నదాన్నే ఇంటికొచ్చి బ్రస్సెల్స్ నెత్తిన రుద్దడం మంత్రులకు మామూలే.

అయినా పన్నులు, సైన్యం వంటి విషయాల్లో ఇప్పటికి రెండో దారే నిలుస్తుందని నా అంచనా. వాణిజ్యంలో మాత్రం ఉమ్మడి అధికారం ఎప్పుడో స్థిరపడిపోయింది.